అచ్చు ఆరేలోపు

పెద్ద వరద వచ్చిపోయిన ముప్పై ఎనిమిదో ఏడు అది. ఆ ఊళ్ళో పాతవాళ్ళెవరూ సంవత్సరాలని అంకెలతో చెప్పరు. వరదకి ముందు ఇన్నేళ్ళు, వరద తర్వాత ఇన్నేళ్ళు, అంతే. పిండి మేస్త్రికీ అదే లెక్క. పెళ్ళి వరదకి మూడేళ్ళ ముందు, కొడుకు పుట్టింది వరద తర్వాత రెండో ఏట, భార్య పోయింది ముప్పై రెండో ఏట. ఈ ముప్పై ఎనిమిదో ఏట, ఎండ కాస్త వాలిన ఒక మధ్యాహ్నం, ఆయన తన మొహాన్ని మొట్టమొదటిసారి ఇంకొకరి చేతుల్లో పెట్టి, వెనక్కి వాల్చిన కుర్చీలో కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. ఒంటి మీద ఎప్పుడూ తెల్లటి పొడి ఉండేదని సినిమావాళ్ళు పిండి మేస్త్రి అనేవాళ్ళు. అసలు పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఒక్కొక్కరే పోయాక అదే మిగిలింది. నటుల మొహాలకి అచ్చులు తీసి, ఆ అచ్చుల్లోంచి ముసలి మొహాలూ కాలిన మొహాలూ దయ్యం మొహాలూ పోయడం ఆయన పని. కొన్ని వందల మొహాల మీద ముద్ద పూసిన చెయ్యి అది. ఆ ముద్ద కింద ఎలా ఉంటుందో మాత్రం ఆ చేతికి తెలియదు.

ముద్ద చల్లగా నుదుటి మీద పడింది. పుదీనా వాసన. పంటి డాక్టర్లు పళ్ళకి అచ్చు తీసేది ఇదే తాతగారూ, ఇప్పుడు మొహాలకీ ఇదే, పది నిమిషాల్లో గట్టిపడుతుంది, పైన ప్లాస్టరు గుడ్డ కట్టి ఇంకో అరగంట, అంతే, అని డిజైనరమ్మాయి ముందే చెప్పింది. మా రోజుల్లో ఇంత సుఖమేదీ, నేరుగా ప్లాస్టరే, ముక్కులో రెండు గొట్టాలు, కనుబొమ్మలకి వాజిలీను, అది ఆరేకొద్దీ వేడెక్కేది, బరువెక్కేది, మొహం మీద ఎవరో కూర్చున్నట్టుంది మేస్త్రీ అనేవాళ్ళు లేచాక. అందరూ ఏదో ఒకటి అనేవాళ్ళు. ఒకాయన అమ్మ గుర్తొచ్చింది అన్నాడు, ఒకాయన అప్పులవాళ్ళు గుర్తొచ్చారు అన్నాడు. భార్య మాత్రం ఏమీ అనలేదు. ముద్ద కనుబొమ్మలు దాటి కంటి గుంటల్లోకి దిగుతోంది, రెప్పల మీద చల్లటి వేళ్ళు పెట్టి ఇక చాల్లే అన్నట్టు. ఈ పిల్ల చెయ్యి మంచిది. పైనుంచి కిందికి పూస్తోంది, ముక్కు పక్క మూలల్లో వేలితో నొక్కుతోంది, గాలి బుడగ నిలవకుండా. చూస్తే వచ్చే పని కాదిది, పది అచ్చులు పాడు చేస్తే వచ్చేది. పెదాల మీదికొచ్చింది. ఇప్పుడు మాట్లాడాలన్నా మాట్లాడలేడు. దానికేం, మాట్లాడగలిగిన రోజుల్లో మాత్రం ఏం మాట్లాడాడు గనుక. మామయ్యగారి నోట్లోంచి మాట రావాలంటే ముందురోజే అర్జీ పెట్టుకోవాలని కోడలు అంటుంది, ఎదురుగానే అంటుంది, అని నవ్వి గ్లాసు చేతికిస్తుంది. భార్య అనేది కాదు. ఆమె కూడా అంతే మనిషి. ఇద్దరూ కలిసి రోజుకి ఇరవై మాటలు ఖర్చు పెట్టేవాళ్ళేమో. ఉప్పుందా, ఉంది. వాన వస్తోంది, ఊఁ. అదే కాపురం.

కుర్చీలో కూర్చునే ముందు ఆయన ఒక్కటే అడిగాడు, చెవుల్లో దూది పెట్టమని. ముద్ద చెవుల దాకా రాదు తాతగారూ, అక్కర్లేదు, అంది పిల్ల. పాత పద్ధతి, అన్నాడు. నవ్వి పెట్టింది. లోపలికి, అన్నాడు. ఇంకొంచెం లోపలికి. వాజిలీను రాసి పెట్టు. ముసలాడి చాదస్తం అనుకుని ఉంటుంది. అనుకోనీ. ఈ దూది కోసమే ఆయన వచ్చాడని దానికేం తెలుసు. కొత్త సినిమాలో అవతలివాళ్ళ మొహాలు, అదే ఆ దయ్యాల మొహాలు, మళ్ళీ మొదటినుంచీ చేస్తున్నాం, పాత సినిమాకి అవి చేసింది మీరే కదా, ఒక్కసారి వచ్చి చూడండి, వీలైతే మీ మొహం అచ్చు కూడా ఇవ్వండి, మా అవతలివాళ్ళలో ఒక ముసలాయన ఉన్నాడు, అని ఇల్లు వెతుక్కుంటూ వచ్చి అడిగింది. వారం రోజులు జవాబు చెప్పలేదు. ఎనిమిదో రోజు పొద్దున్నే చొక్కా వేసుకుని బయల్దేరుతుంటే కోడలు ఎక్కడికి మామయ్యా అంది. అచ్చు ఇవ్వడానికి, అన్నాడు. మీరా, అంది. నేనే, అన్నాడు. ముప్పై ఎనిమిదేళ్ళుగా ఒక ప్రశ్న ఉంది. దానికి జవాబు చెప్పగలిగిన మనిషి ఆరేళ్ళ కింద పోయింది. ఇక జవాబు దొరికే చోటు ఈ భూమ్మీద ఒక్కటే, ముద్ద కింద, చెవుల్లో దూదితో. దూది పెట్టి ముద్ద పూశాక గదిలో మాటలు వినపడతాయా, వినపడవా. అంతే ప్రశ్న. వినపడవు అని తేలితే ఆయన లేచి, మొహం కడుక్కుని, ఇంటికి పోయి హాయిగా నిద్రపోతాడు. వినపడతాయి అని తేలితే ఏం చేస్తాడో మాత్రం అనుకోలేదు.

ఇప్పటికైతే ఏమీ వినపడటం లేదు. లోపల తన నెత్తురు తను విన్నట్టు, దూరంగా ఎక్కడో పిండి గిర్నీ ఆడుతున్నట్టు ఒక హోరు. పిల్ల భుజం మీద తట్టింది, ముందే చెప్పిన గుర్తు, బాగానే ఉన్నారా అని. ఒక వేలు ఎత్తాడు, బాగానే ఉన్నాను. చెయ్యంతా ఎత్తితే తీసెయ్యమని. ఆ గుర్తులు కనిపెట్టింది తనే, మొదటి రోజుల్లో, ఒక నటుడికి ఊపిరాడక కుర్చీతో సహా పడిపోతే. ఇప్పుడు ఏ ఊళ్ళో అచ్చు తీసినా అవే గుర్తులు. ఎవరు కనిపెట్టారో ఎవరికీ తెలియదు. హోరు తప్ప ఏమీ లేదు. మంచిదే. ఆమెకి కూడా ఇంతే అయి ఉండాలి. హోరు, చీకటి, వేడి. అంతే అయి ఉండాలి.

కుర్చీలో కూర్చోకముందు గోడ చూపించింది, దాని నిండా బొమ్మలు అంటించింది పిల్ల. ముప్పై దాకా ఉన్నాయి. ఇవి అవతలివాళ్ళ కొత్త రూపాలు తాతగారూ, మీకేమనిపిస్తే అది చెప్పండి. ఒకదానికి చర్మం లోపలినుంచి నరాలు కనపడుతున్నాయి గాజు కింద దారాల్లాగా. ఒకదానికి నోరు గొంతులో ఉంది. ఒకదానికి మొహం లేదు, మొహం ఉండాల్సిన చోట పుట్టగొడుగులు. పళ్ళు, గోళ్ళు, నాలుగేసి కళ్ళు, వెలిగే కళ్ళు, తెల్లగుడ్లు. ఎంత కష్టపడి గీసిందో, ఒక్కో వెంట్రుకా విడిగా. అన్నీ చూశాడు, చేతులు వెనక్కి కట్టుకుని, ఒక్కో దాని ముందూ ఆగి. బాగున్నాయమ్మా, అన్నాడు. తాతగారూ, బాగున్నాయి అనేవాళ్ళు నాకు చాలామంది ఉన్నారు, అంది. దాంతో ఆయనకి పిల్ల మీద గురి కుదిరింది. ఇంకో చుట్టు తిరిగొచ్చి, అన్నీ మనల్నే చూస్తున్నాయమ్మా, అన్నాడు. పిల్ల చేతిలో పెన్సిలు పక్కన పెట్టింది. మీవి చూడవు కదా, అంది నెమ్మదిగా. మీ వాళ్ళ కళ్ళు మూసే ఉంటాయి. పదేళ్ళ వయసులో చూశాను ఆ సినిమా, ఇప్పటికీ మా ఇంట్లో మూలలకి వీపు పెట్టి కూర్చోను. ముప్పైమంది నటుల మొహాలు కంప్యూటర్లో పెట్టి కళ్ళు మూసి చూశాను, ఒక్కటీ అలా రాలేదు, నిద్రపోతున్నట్టో చచ్చిపోయినట్టో ఉంటున్నాయి గానీ అలా లేవు, ఆ మొహంలో ఏముంది తాతగారూ, ఎవరి మొహం అది. ఆయన కుర్చీ దగ్గరికి వెళ్ళి దాని వాలు సరిచూశాడు. సరే కూర్చోండి, ముద్ద కలుపుతాను, అంది పిల్ల.

ఎవరి మొహం అది. పదకొండు మంది అవతలివాళ్ళు ఆ సినిమాలో, పదకొండు మందికీ ఒకే మొహం. వాళ్ళు ఏమీ చెయ్యరు. కరవరు, పీకరు, ఎగరరు. ఇంట్లోవాళ్ళు భోజనానికి కూర్చుంటే గది మూల ఒకరు నిలబడి ఉంటారు. తలుపు తీస్తే తలుపు వెనక ఒకరు. ఇంట్లో నలుగురని మనకి తెలుసు, తెరమీద లెక్కపెడితే అయిదుగురు. అంతే భయం. మేస్త్రి గొప్పతనం అన్నారు అప్పట్లో. గొప్పతనమూ లేదు ఏమీ లేదు, అంతా వరద చేసిన పని. పని చేసే మేడ కింది అంతస్తులో దాచిన అచ్చులు, రెండు నెలలు కష్టపడి తీసినవి, నీళ్ళల్లో నాని అటుకుల ముద్దయ్యాయి. మొహం ఇవ్వాల్సిన నటి నదికి అవతలి ఒడ్డున ఇరుక్కుపోయింది. మిట్ట మీద వేసిన సెట్టు మాత్రం తడవకుండా నిలిచింది, నాలుగు రోజుల్లో మొహాలు కావాలన్నారు. అది ఆయనకి మొదటి పెద్ద సినిమా. ఇప్పుడు తప్పితే మళ్ళీ ఎవడూ పిలవడు. తాముండే అద్దె గదిలోకి నీళ్ళొస్తే భార్య కూడా పై అంతస్తులో ప్లాస్టరు బస్తాల పక్కనే మూడు రోజులుగా ఉంటోంది. చూసి చూసి, నా మొహం పనికిరాదా, అంది. ఇరవై మాటల్లో మూడు. పనికొస్తుంది, అన్నాడు. కళ్ళకి కన్నాలు కోసే టైం లేకపోయింది, అచ్చులో ఎలా వచ్చాయో అలాగే మూసి ఉంచేశాడు, దాంతో లోపలి నటులకి ఏమీ కనపడేది కాదు, దర్శకుడు ఎడమకి రెండడుగులు, ఆగు, అని చెబుతుంటే వినడానికి తల ఒక పక్కకి వంచి నడిచేవాళ్ళు. ఆ నడక చూసి జనం జడుసుకున్నారు. పేపర్లో రాశారు. వాళ్ళు పాపం, దారి వింటున్నారంతే.

ప్లాస్టరు గుడ్డలు పడుతున్నాయి ఇప్పుడు, తడిగా, ఒకదాని మీద ఒకటి, విరిగిన కాలికి కట్టు కట్టినట్టు. బరువు తెలుస్తోంది. చెంపల మీద, దవడ మీద. చీకటికి ఇంకో చీకటి వేసి కట్టినట్టుంది. ఊపిరి రెండు చిన్న కన్నాల్లోంచి, లోపలికి, బయటికి. ఎవరో భుజం తట్టారు, వేలెత్తాడు. తర్వాత ఏమీ లేదు. వేడి మొదలవుతోంది. ఆ రోజు ఇక్కడే, సరిగ్గా ఈ వేడి మొదలైన వేళకే వచ్చాడు సెట్టు వడ్రంగి. మోకాళ్ళ దాకా బురద, చెప్పులు లేవు, మెట్లెక్కి వచ్చి గుమ్మంలో నిలబడి రొప్పుతున్నాడు. ఆమె కుర్చీలో ఉంది, ముక్కులో గొట్టాలు, మొహం మొత్తం తెల్లగా, చేతులు ఒళ్ళో పెట్టుకుని. ఆమె తల్లి అవతలి ఒడ్డున, వంతెన కింది వరస ఇళ్ళలో ఉండేది. మూడు రోజులుగా కబురు లేదు. మెట్ల మీద ఎవరి అడుగు వినపడినా ఆమె లేచి వెళ్ళి, వంతెన అవతలి కబురేమన్నా, అని అడిగేది. అదొక్కటి అడగడానికి మాత్రం ఆమెకి మాటలు ఉండేవి. వడ్రంగి ఆమెని చూశాడు, అంటే ఆ తెల్లటి ముద్దని చూశాడు. మేస్త్రీ, అన్నాడు, వరస మొత్తం పోయింది. మీ అత్తగారు దొరికారు, వంతెన స్తంభం దగ్గర. పోయినవాళ్ళ గురించి దొరికారు అన్న మాట ఎలా అంటారో అలా అన్నాడు. గుసగుసగా కూడా కాదు. పక్కన మనిషి ఉన్నప్పుడు మాట్లాడే గొంతు కాదు. ఈ పనిలో ఉన్నవాళ్ళందరూ చేసే తప్పే అది, ముద్ద పూశాక మనిషి వస్తువైపోతాడు, కుర్చీలో పెట్టిన వస్తువు. దాని ఎదుటే నటుల జీతాల గురించి మాట్లాడతారు, నటీమణుల వయసుల గురించి మాట్లాడతారు, పక్కనే సిగరెట్టు వెలిగించి ఇతను మహా పిసినారి అంటారు ఇతని మీదే. మేస్త్రి కూడా అలాగే, మామూలు గొంతుతోనే, ముద్ద మీద గోరు పెట్టి ఆరిందా లేదా చూస్తూ, ముందు ఆరనివ్వు, అన్నాడు. ఇప్పుడు కదిలిందంటే అచ్చు పోతుంది. తర్వాత నేనే చెబుతాను. వడ్రంగి ఆయన వంక చూసిన చూపు, అది కూడా ఒక అచ్చే, ముప్పై ఎనిమిదేళ్ళయినా అరగలేదు. మెట్లు దిగిపోయాడు. తర్వాత ఎక్కడ ఎదురుపడ్డా ఇద్దరూ వాన గురించే మాట్లాడుకున్నారు.

ఇరవై నిమిషాలు ఆరనిచ్చాడు. తీశాడు. అందులో దాచేదేముంది, తీశాక కూడా ముందు అచ్చునే చూశాడు, దీపం దగ్గరికి పట్టుకెళ్ళి, బుడగలున్నాయేమోనని. ఒక్క బుడగ లేదు. అలాంటి అచ్చు ఆయన చేతిమీదుగా అంతకుముందు రాలేదు, తర్వాతా రాలేదు. ఎడమ పెదవి చివర మాత్రం చిన్న లాగుడు, వెంట్రుకంత, దారంతో కుట్టి ముడి వేసినట్టు. కూర్చున్నప్పుడు అది లేదు. తనే వాజిలీను రాశాడు, తనకి తెలుసు, లేదు. అచ్చు బల్ల మీద పెట్టి, చేతులు కడుక్కుని, అప్పుడు చెప్పాడు. ఆమె తడి గుడ్డతో నుదురు తుడుచుకుంటోంది. ఊఁ, అంది. తుడుచుకోవడం ఆపలేదు. చెవుల్లోంచి దూది తీసి, చూసి, బల్ల మీద పెట్టింది. చెప్పులు వేసుకుని పదండి అంది. ఆ ఊఁ దగ్గరే ఆయన ఆగిపోయాడు. తల్లి పోయిన కబురు అప్పుడే విన్న మనిషి అనే ఊఁ ఏనా అది, లేక ఇరవై నిమిషాల కింద విన్న మనిషిదా. అడగాల్సింది. అడిగితే ఏమంటుందో అని అడగలేదు. తనకి తను రెండు గోడలు కట్టుకున్నాడు. ఒకటి, చెవుల్లో దూది ఉంది, తన చేత్తో తనే పెట్టాడు, వినపడి ఉండదు. రెండోది, వినపడి ఉంటే కదిలేది. కన్నతల్లి కబురు విని కదలకుండా కూర్చోవడం మనిషి వల్ల కాదు. ఈ రెండు గోడల మధ్యే కాపురం చేశాడు. పెదవి చివర లాగుడు సంగతి మాత్రం ఏ గోడా ఆపలేకపోయింది. పదకొండు సార్లు పోశాడు ఆ మొహాన్ని, పదకొండు సార్లూ అది అక్కడే ఉంది. సానపెట్టి తీసెయ్యొచ్చు, నిమిషం పని. తియ్యలేదు. తీస్తే ఒప్పుకున్నట్టవుతుందని.

సినిమా మొదటి ఆటకి ఇద్దరూ వెళ్ళారు. చీకట్లో తన పక్కన ఆమె, తెరమీద పదకొండు మంది ఆమె. వెనక వరసలో ఎవరో గట్టిగా ఏడ్చి బయటికి పోయారు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఆమె కిటికీలోంచి చూస్తూ, వాళ్ళెవరూ ఏమీ అనరేం, అంది. అంతే, కథ అలాంటిది, అన్నాడు. ఆమె మళ్ళీ కిటికీ వైపు తిరిగింది. తలుపు కొంచెం తీసి పట్టుకున్నట్టు ఆ మాట, తీసి, లోపలికి వస్తారా అన్నట్టు, తను గాలికి తెరుచుకుందేమో అనుకుని దగ్గరికి వేశాడు. అనుకోలేదు. వేశాడు. ఆ అచ్చు ఇంటికి తెచ్చి అటక మీద పెడితే కొడుకు పసివాడుగా ఉన్నప్పుడు దాన్ని చూసి జడుసుకునేవాడు. అచ్చు లోతుగా ఉంటుంది కదా, లోపలికి పోయిన మొహం, కానీ వెలుగు ఒక పక్కనుంచి పడితే ఉబ్బెత్తుగా కనపడుతుంది, మనం నడిస్తే మనవైపు తిరుగుతుంది, కళ్ళు మూసుకునే తిరుగుతుంది. అమ్మ నన్నే చూస్తోంది అనేవాడు. ఆమె ఒకరోజు దాన్ని దించి, కడిగి, బోర్లించి, మళ్ళీ వెల్లకిలా వేసి వంటింట్లో ఉల్లిపాయలు పోసింది. ఊరికే పడుండే బదులు ఇవన్నా దాచుకుంటా, అంది. తన మొహంలో తనే ఉల్లిపాయలు దాచుకున్న ఆడది ఈ ప్రపంచంలో ఆమె ఒక్కతే అయి ఉంటుంది. నవ్వాడు అప్పుడు. ఇప్పుడూ నవ్వొచ్చింది, ముద్ద కింద, నవ్వకూడదు, పెదవి కదిలితే ముడత పడుతుంది. ఆపుకున్నాడు. ఆపుకుంటే ఆగింది. ఆగింది అన్న సంగతి మనసులో ఎక్కడో చిన్నగా తగిలింది, కానీ అప్పుడు పట్టించుకోలేదు.

ఎందుకంటే అప్పుడే గదిలోకి ఎవరో వచ్చారు. అడుగులు వినపడలేదు. తలుపు గాలి మోచేతికి తగిలింది. తర్వాత, నెత్తురు హోరు అవతలనుంచి, నీళ్ళ అడుగున ఉన్నవాడికి ఒడ్డు మీది మాట తెలిసినట్టు కాదు, గోడ పక్కన మాట్లాడినట్టు కూడా కాదు, చెవి దగ్గర నోరు పెట్టి చెప్పినట్టే, దర్శకుడి గొంతు. ఈయనేనా ఆ పాతాయన. అవును సార్, అంది పిల్ల. ఆ పాత మొహం తీసేద్దామనుకుంటున్నా, అన్నాడు దర్శకుడు. ఈ కాలం పిల్లలు భయపడరు, దాని మీద జోకులేసి ఫోన్లలో పంపుకుంటున్నారు, మా అత్త పొద్దున్నే లేచినట్టుంది అని. ఆ కళ్ళు మూసుకునే గొడవంతా వద్దు. పిల్ల ఏదో అనబోయింది. దర్శకుడు, చెవుల్లో దూది ఉందిగా, అన్నాడు. పిల్ల గొంతు తగ్గించింది. తగ్గించినా ఒక్క అక్షరం పోలేదు. ముందు ఆరనివ్వండి సార్, అంది. ఇప్పుడు కదిలారంటే అచ్చు పోతుంది. తర్వాత నేనే చెబుతాను.

అక్షరం పోలేదు. ఒత్తు పోలేదు. ఆరనివ్వండి అన్నచోట పిల్ల గొంతు కొంచెం వణికింది కూడా, ఆ వణుకు కూడా వినపడింది. దూది ఏమీ ఆపలేదు. వాజిలీను రాసి, ఇంకొంచెం లోపలికి అని చెప్పి మరీ పెట్టించుకున్న దూది. మొదటి గోడ పడింది. శబ్దం లేకుండా పడింది, వరదలో మట్టిగోడ కూర్చున్నట్టు, కింద కరిగి, నిలబడ్డది నిలబడ్డట్టే. ఆమె విన్నది. వరస మొత్తం పోయింది అన్నది విన్నది. దొరికారు అన్నది విన్నది. ముందు ఆరనివ్వు అన్నది విన్నది. అది ఎవరి గొంతో కూడా విన్నది. ఒళ్ళంతా ఒక్కసారి చెయ్యెత్తబోయింది, చెయ్యంతా, తీసెయ్యమని. ఎత్తలేదు. ఎందుకెత్తలేదు. పిల్ల అచ్చు పోతుందని. తనే ముద్ద కలిపి, వేళ్ళతో మూల మూలకీ నొక్కి, ఒక్క బుడగ లేకుండా పూసింది, దర్శకుడేమో వద్దంటున్నాడు, దానికిది మొదటి పెద్ద సినిమానట, ఈ అచ్చన్నా బాగా రావాలి, చూపించుకోవడానికి దాని చేతిలో ఏదో ఒకటి ఉండాలి. అలా అనుకుంటూ ఉండగానే రెండో గోడ కూడా కూర్చుంది. మనిషి వల్ల కాదనుకున్నాడు. అవుతుంది. ఎదుటివాడి పని పోకూడదనుకుంటే అవుతుంది. ఒళ్ళు కదలదు. నవ్వు ఆపుకుంటే ఆగింది, ఏడుపు ఆపుకుంటే ఆగుతుంది, పెదవి చివర మాత్రం వెంట్రుకంత లాగుతుంది, ఇదిగో, ఇలాగే, తన ఎడమ పెదవి చివర ముద్ద కింద లాగుతున్నది ఆయనకే తెలుస్తోంది. ఆమె కదలకుండా కూర్చుంది తనకోసం. తన మొదటి పెద్ద సినిమా కోసం. తల్లి వంతెన స్తంభం దగ్గర ఉంటే, మొగుడి అచ్చు పోకూడదని, ఇరవై నిమిషాలు. ఆ మొహాన్ని చూసి లోకం జడుసుకుంది. జడుసుకోదా మరి. అన్నీ విని ఊరుకున్న మొహం మూలన నిలబడితే ఎవడు జడుసుకోడు. అది ఏమన్నా అనేస్తే భయం పోతుంది. అనదు. ముప్పై రెండేళ్ళు అదే మొహం గ్లాసుతో నీళ్ళు తెచ్చి చేతికిచ్చింది. ఆయన తాగాడు.

వేడి తగ్గుతోంది. ఆరినట్టుంది. తీసేద్దామనుకుంటున్నా అన్నాడు దర్శకుడు. తీసెయ్యనీ. ఆ మాటకి బాధపడతాడని కదా పిల్ల గొంతు తగ్గించింది, పిచ్చిది. ఎవరెవరి ఇళ్ళ మూలల్లోనో, ఎవరెవరి తలుపుల వెనకో ఇన్నాళ్ళూ నిలబెట్టాడు ఆమెని. ముక్కూ మొహం తెలియని పిల్లల కలల్లో కాళ్ళు పీకేలా నిలబెట్టాడు. ఇప్పుడు ఫోన్లలో జోకులకి నిలబడుతోందట. చాలు. ఇంటికి రానీ. నిలబడే పనే ఉంటే, వినీ ఊరుకోవడం వచ్చినవాడు ఇంకొకడున్నాడు.

గుడ్డలు ముక్కలుగా ఊడాయి, నీలం ముద్ద ఒక్క పెట్టున జారి ఒళ్ళో పడింది. వెలుగు కళ్ళలో గుచ్చుకుంది. దర్శకుడు లేడు. పిల్ల అచ్చు అందుకుని, ముందు దాని వంక చూడకుండా ఆయన వంక చూసింది. దూది తనే తీసింది, రెండు చెవుల్లోంచీ. తీసి, దాన్ని వేళ్ళ మధ్య నలుపుతూ నిలబడింది.

"తాతగారూ, ఇందాక మా మాటలు వినపడ్డాయా?"

అంతే. అంత తేలిక అది అడగడం. అయిదు మాటలు, ఒక ఊపిరి. ఆయన నోరు తెరిచాడు, ఎండిన ముద్ద పొట్టు రాలింది.

"వినపడ్డాయమ్మా. దూది ఏమీ ఆపదు."

పిల్ల మొహం తెల్లబోయింది. ఎదురు స్టూలు మీద కూలబడి, నేను అలా అనకుండా ఉండాల్సింది, అచ్చు గురించే చూసుకున్నాను గానీ మీరున్నారని అనుకోలేదు, తప్పయింది, అంది. తడి గుడ్డ తెచ్చి ఇచ్చింది. ఒక్క నిమిషం కూడా పట్టలేదు, ఆయన గోడమీది గడియారం చూశాడు. తప్పయింది అనడానికి ఒక నిమిషం పట్టదు. తర్వాత పిల్ల అచ్చుని కిటికీ వెలుగుకి పట్టుకుంది. చాలాసేపు చూసింది. అటు జరిగింది, ఇటు జరిగింది. లోతు మొహం దానివైపే తిరిగింది, కళ్ళు మూసుకుని. పిల్ల మెడమీద వెంట్రుకలు లేవడం ఆయన కూర్చున్న చోటినుంచే చూశాడు. ఇదే, అంది గొంతులోనే. పెదవి చివర వేలు పెట్టి, ఇక్కడుంది, నేను చిన్నప్పుడు చూసింది ఇదే, ఇదెలా వచ్చింది తాతగారూ.

"వాళ్ళు చూడరమ్మా, వింటారు. అన్నీ విని ఊరుకుంటారు."

రాసుకోనా, అంది. రాసుకో, అన్నాడు. దర్శకుడికి ఈ అచ్చు చూపించు, కళ్ళు తెరవద్దు. పాతది మాత్రం ఇక వాడొద్దు, పదకొండు మందికీ నాదే పెట్టు. ఎందుకని అడగబోయి పిల్ల ఆగింది. ఆగి, అడిగింది. ఎవరిది తాతగారూ అది. మా ఇంటావిడది, అన్నాడు, లేచి చొక్కా దులుపుకుంటూ. మిగతాది ముందు ఆవిడకి చెప్పాలి.

మర్నాడు పొద్దున్నే, కోడలు పొయ్యి వెలిగించక ముందే, ఆమె పోయాక మళ్ళీ అటకెక్కిన అచ్చుని దించాడు. ఉల్లిపొట్టు ఒకటి ఇంకా చెంప గుంటలో అంటుకుని ఉంది. కడిగాడు, తుడిచాడు, వాజిలీను రాశాడు. పెరట్లో కుళాయి దగ్గర బకెట్లో ప్లాస్టరు కలిపాడు, చేత్తోనే, గడ్డ లేకుండా. పోశాడు. ఆరడానికి ముప్పావుగంట. లోపలికెళ్ళి కుర్చీ తెచ్చుకుని పక్కన వేసుకున్నాడు. కూర్చుని, గొంతు సవరించుకుని, మామూలు గొంతుతో, పక్కన మనిషి ఉన్నప్పుడు మాట్లాడే గొంతుతో మొదలుపెట్టాడు. వడ్రంగి మెట్లెక్కి వచ్చాడు, మోకాళ్ళ దాకా బురద, అని. ఏదీ దాటెయ్యలేదు. ముందు అచ్చునే చూసిన సంగతి కూడా. బస్సులో నువ్వు అడిగావు, నేను కథ అన్నాను, అని. మామయ్య ఎవరితో ఇంతసేపు మాట్లాడుతున్నారా అని కోడలు చేతులు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చి, ద్వారబంధం పట్టుకుని నిలబడిపోయింది. ఆయన ఆగలేదు. మధ్యలో ఒకసారి ప్లాస్టరు మీద అరచెయ్యి ఆనించి చూశాడు. వెచ్చగా ఉంది. ఇంకా ఆరలేదు. కుర్చీ ఇంకాస్త దగ్గరికి జరుపుకున్నాడు.